పెట్టలే అని గ్యారంటీ ఇచ్చిన సిల్కీ కోడిపిల్లలు: తొమ్మిది నెలల తర్వాత నా రివ్యూ

కొన్న వారానికే రివ్యూ రాసి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని. తొమ్మిది నెలలు ఆగి రాస్తున్నాను కాబట్టి ఇవాళ ఇస్తున్నది రెండు. ఆ రెండూ కూడా పిల్లల్ని శుభ్రంగా, ఆరోగ్యంగా పెంచి ఇచ్చినందుకు. "పెట్టలు మాత్రమే, గ్యారంటీ" అని అదనంగా తీసుకున్న డబ్బుకి మాత్రం సున్నా. దుకాణం పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే మాట వైజాగ్‌లో ఇంకో రెండు చోట్ల కూడా విన్నాను, అందరూ చెప్పేదాన్ని ఒక్కళ్ళ నెత్తిన వేయడం నాకు న్యాయం అనిపించలేదు.

మాది పెందుర్తి వైపు, డాబా మీద చిన్న రేకుల షెడ్డు ఉంది. మా పాప దూదిలా మెత్తటి బొచ్చుండే సిల్కీ కోళ్ళ వీడియోలు చూసి చూసి ఏడాదిపాటు అడిగింది. నాకూ మనసులో ఉంది కానీ ఒకటే భయం, కూత. పక్కింటి బాబాయి గారు నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటారు, ఆయన కిటికీకీ మా డాబాకీ మధ్య పది అడుగులు కూడా ఉండదు. పుంజు వద్దు, పెట్టలే కావాలి అని ముందే గట్టిగా అనుకున్నాం. అందుకే ఫిబ్రవరిలో దుకాణానికి వెళ్ళగానే నేను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే.

పిల్లకి ఆరు వందలు, పెట్ట అని గ్యారంటీగా కావాలంటే తొమ్మిది వందలు అన్నారు. పిల్లల వయసు ఆరు వారాలు. దుకాణం లోపల నాకు ఏ లోటూ కనపడలేదు, అది ముందే చెప్పాలి. కింద పొడి ఊక, బల్బు వెచ్చదనం, నీళ్ళ గిన్నెలో రెట్ట లేకుండా ఎత్తు మీద పెట్టడం, అన్నీ బాగున్నాయి. ఏ రోజు ఏ టీకా వేశారో కాయితం మీద రాసిచ్చారు. ఐదు పిల్లల్లో ఒక్కటి కూడా చావలేదు, కనీసం తుమ్మలేదు.

ఇక గ్యారంటీ ఎలా ఇచ్చారంటే, కౌంటర్ దగ్గరి అతను ఒక్కో పిల్లని తిరగేసి, తోక కింద బొచ్చు ఊది, ఓసారి చూసి, "పెట్టే మేడమ్, నూటికి నూరు" అని పక్కన పెట్టాడు. ఒక్కో పిల్లకి పది సెకన్లు పట్టలేదు. అంత ధీమాగా చెప్తుంటే అనుమానం ఎందుకొస్తుంది? నాలుగు వేల ఐదు వందలు కట్టి అట్టపెట్టెలో ఇంటికి తెచ్చుకున్నాం. రెండు తెల్లవి, రెండు నల్లవి, ఒకటి గోధుమ రంగు. పాప పేర్లు కూడా పెట్టేసింది: దూదిపింజ, జున్ను, నేరేడు, మినప్ప, బెల్లం.

మా అత్తయ్య గారిది చోడవరం దగ్గర పల్లె. నలభై ఏళ్ళు నాటుకోళ్ళు పెంచిన మనిషి. నాటుకోడి పిల్ల నెలన్నర దాటితే చేతిలోకి తీసుకోకుండానే ఇది పుంజు, ఇది పెట్ట అని చెప్పేస్తారు, నేను చూసినంతవరకు తప్పలేదు. పెట్టె తెరవగానే "ఇవేటమ్మా, కోళ్ళా, కుక్కపిల్లలా?" అన్నారు. ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని, నెత్తి మీది కుచ్చు వేళ్ళతో విడదీసి, కాళ్ళ మీది బొచ్చు పక్కకి తోసి, చాలాసేపు చూసి కింద వదిలేశారు. "తెల్దమ్మా. దీనికి జుట్టేదీ, కాలేదీ? తెల్నిదాన్ని తెల్సని ఎలా సెప్పేది?" నలభై ఏళ్ళ అనుభవం తెలియదు అంటుంటే పది సెకన్ల చూపు నూటికి నూరు ఎలా అయిందో నేను ఆ రోజే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు, ఎందుకంటే గ్యారంటీకి డబ్బు కట్టి వచ్చాను కదా.

అత్తయ్య గారికి ఎందుకు తెలియలేదో తర్వాత చదివి అర్థం చేసుకున్నాను, ఇది సిల్కీ కొనే ప్రతి ఒక్కరికీ తెలియాలి. నాటుకోడి పిల్లలో పుంజుని పట్టుకోవడానికి మన ఇళ్ళల్లో చూసేవి ముఖ్యంగా మూడు. నెత్తి మీది జుట్టు పెట్టకంటే ముందే పెరిగి ఎర్రబడుతుంది, కాళ్ళు మొద్దుగా వస్తాయి, ఇంకొన్ని వారాలకి మెడ మీదా తోక మొదట్లోనూ ఈకలు సూదిగా సాగి మెరుస్తాయి. సిల్కీలో ఈ మూడూ దాగిపోతాయి. వీటికి నిలువు రేకులాంటి జుట్టు ఉండదు, ముక్కు పైన అక్రోటు కాయలా ముడతలు పడ్డ చిన్న గడ్డ ఉంటుంది, అదీ కుచ్చు కింద. పైగా ఈ జాతికి చర్మమే నలుపు, ఎముకలు కూడా నలుపే, కాబట్టి ఆ గడ్డ నేరేడు పండు రంగులో ఉంటుంది తప్ప నాటుపుంజు జుట్టులా ఎర్రగా కొట్టొచ్చినట్టు కనపడదు. కాళ్ళ నిండా బొచ్చు, దానికి తోడు నాలుగు వేళ్ళకి బదులు ఐదు. ఈకల సంగతి ఇంకా వేరు. మామూలు ఈకలో సన్నటి పోగులకి కంటికి కనపడని కొక్కేలు ఉంటాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఈకని ఆకులా బిగించి ఉంచుతాయి. సిల్కీ ఈకలకి ఆ కొక్కేలు లేవు, అందుకే ఒళ్ళంతా దూదిలా విచ్చుకుంటుంది. అంత దూదిలో ఏ ఈక సూదిగా ఉంది, ఏది గుండ్రంగా ఉంది అని ఎవరు చెప్పగలరు? (ఆ కొక్కేలు లేకనే వానకి నీళ్ళు జారిపోకుండా చర్మం దాకా దిగుతాయి. మన అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో వీటిని తడవనివ్వకండి, తడిస్తే టవల్‌తో తుడిచి ఆరబెట్టాల్సిందే.)

మరి అతను తోక కింద చూసింది ఏమిటి అంటే, ఆ పద్ధతి నిజంగానే ఉంది. 1920ల్లో జపాన్‌లో కనిపెట్టారు, ఆ తర్వాత చాలా దేశాల హేచరీలకి పాకింది. పిల్ల రెట్టవేసే ద్వారాన్ని వేళ్ళతో సుతారంగా తెరిచి లోపల ఉండే చిన్న బొడిపెని బట్టి చెప్తారు. కానీ అది పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో చేసే పని. బొడిపె కూడా అందరికీ ఒకేలా ఉండదు, కొన్ని పెట్టల్లోనూ కనపడుతుంది, అందుకే దానికి చాలాకాలం శిక్షణ కావాలి. చెయ్యి తప్పితే పిల్లకి లోపల దెబ్బ తగులుతుంది. ఆరు వారాల పిల్ల తోక కింద బొచ్చు ఊది చూస్తే తెలిసేది ఏమీ లేదు. రెక్క విప్పి ఈకల పొడవు చూసి చెప్తాం అనేవాళ్ళు కూడా ఉన్నారు. అదీ అబద్ధం కాదు, అయితే దానికోసమే జత కలిపిన కోళ్ళకే పనికొస్తుంది. ఈకలు ఆలస్యంగా వచ్చే గుణం తల్లి నుంచి, త్వరగా వచ్చే గుణం తండ్రి నుంచి వచ్చేలా ఎంచి జత కలిపితే పుట్టిన రోజునే పెట్టపిల్లల రెక్క ఈకలు పొడుగ్గా ఉంటాయి. దుకాణాల్లో దొరికే సిల్కీలని అలా ఎవరూ కలపరు. ఇంక సూదికి దారం కట్టి గుడ్డు మీద వేలాడదీయడం, కోలగా ఉన్న గుడ్డులో పుంజు ఉంటుందనడం, ఇవి మా వీధిలో కూడా చెప్పారు, వాటి మీద సమయం పెట్టకండి.

మూడు నెలల దాకా మాకూ ఏమీ తెలియలేదు. గొడవపడి ఛాతీ ఛాతీ గుద్దుకుంటుంటే పుంజులేమో అని టెన్షన్ పడేదాన్ని, కానీ పెట్టపిల్లలు కూడా ఆ వయసులో అలాగే చేస్తాయి. ధైర్యంగా ఎదురొచ్చేది పుంజు అనే మాట కూడా నిలబడలేదు. మా ఐదింట్లో అందరికంటే గయ్యాళి నేరేడు, చివరికి పెట్టగా తేలింది. కాస్తో కూస్తో పనికొచ్చిన గుర్తు కుచ్చు. దూదిపింజ కుచ్చులో వెనక్కి దువ్వినట్టు నాలుగు పొడుగు పోగులు రావడం మొదలైంది, నేరేడుది మాత్రం పౌడర్ కుచ్చులా గుండ్రంగానే ఉంది. దూదిపింజని పగటి వెలుగులో ఒళ్ళో పెట్టుకుని కుచ్చు ఎత్తి చూస్తే ముక్కు పైన గడ్డ నా చిటికెన వేలి గోరంత వెడల్పుకి వచ్చి, పైన చిన్న చిన్న బుడిపెలు, మధ్యలో అడ్డంగా ఒక గాడి. నేరేడుకి అదే చోట జొన్నగింజంత కూడా లేదు. ఈ రెండింటిలో తేడా స్పష్టంగా ఉంది. మిగతా మూడూ మధ్యలో ఉండిపోయాయి, జున్నుకి గడ్డ చిన్నది కానీ కుచ్చులో పోగులు ఉన్నాయి, బెల్లానికి గడ్డ వెడల్పు కానీ కుచ్చు గుండ్రం. అసలు చిక్కంతా ఈ మధ్యలో ఉన్నవాటితోనే, ఫోటో పంపితే చెప్తాం అనేవాళ్ళు కూడా వీటి దగ్గరే తలో మాట చెప్తారు.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు తెల్లవారుజామున నూనె లేని బోరింగ్ కొట్టినట్టు డాబా మీంచి ఒక శబ్దం. పైకి పరిగెత్తాను. దూదిపింజ మెడ సాచి, ఒళ్ళంతా బిగించి, మళ్ళీ అదే శబ్దం చేసింది. దాని వయసు అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. పాప కూడా లేచి వచ్చి దాన్ని ఎత్తుకుని గుండెకి హత్తుకుని, "అమ్మా, ఇప్పుడు దీన్ని పంపించేస్తామా?" అని అడిగింది. గ్యారంటీ మాటని నమ్మినందుకు అసలు ఖర్చు నాకు అక్కడ తెలిసింది. మూడు వందలు ఎక్కువ పెట్టడం కాదు. ఇంట్లో ఉండగలిగే ప్రాణి అనుకుని పేరు పెట్టి, రెండు మూడు నెలలు చేతిలో గింజలు తినిపించిన పాపకి ఆ మాట చెప్పాల్సి రావడం.

అదే రోజు దుకాణానికి ఫోన్ చేశాను. బిల్లు వెనక చూడమన్నారు. "పదిహేను రోజుల్లో తేడా వస్తే మార్చి ఇవ్వబడును" అని ఉంది. ఆరు వారాల పిల్లని కొంటే పదిహేను రోజులకి ఎనిమిది వారాలు. ఎనిమిది వారాలకి సిల్కీలో తేడా ఎవరికి తెలుస్తుంది? చాలావాటికి నాలుగైదు నెలల దాకా తేలదు, కొన్నిటికి కూతో గుడ్డో వస్తే తప్ప ఖాయంగా తెలియదు. తెలిసే లోపే అయిపోయే గ్యారంటీ అది. ఇది చదివేవాళ్ళు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా బిల్లు వెనక ఆ ఒక్క లైను మాత్రం డబ్బు కట్టకముందే చదవండి.

మిగతా నాలుగింటికీ ఇక అంచనాలు వద్దని డీఎన్ఏ పరీక్ష చేయించాను. బయటి ఊరి ల్యాబ్, ఒక్కో కోడికి ఏడు వందలు, ఈకలు పోస్టులో పంపితే చాలు. ఈ సేవకి మాత్రం నాలుగున్నర స్టార్లు మనస్ఫూర్తిగా ఇస్తాను. రాలిపోయిన ఈక పనికిరాదు, ఛాతీ మీంచి అప్పుడే పీకినది కావాలి, ఎందుకంటే వాళ్ళకి కావాల్సిన కణాలు చర్మంలో ఉన్న కొనలోనే ఉంటాయి. సిల్కీ ఈక దారంలా ఉంటుంది కాబట్టి మొదట్లో గట్టిగా పట్టుకుని ఒక్కసారిగా లాగాలి, మెల్లగా లాగితే మధ్యలో తెగిపోతుంది. కోడి ఒకసారి ఉలిక్కిపడుతుంది, అంతే. ఒక్కోదానికి ఏడెనిమిది ఈకలు, ఒక్కోదానికి వేరే కవరు, మధ్యలో చేతులు కడుక్కోవడం. ముందే కాళ్ళకి రంగు రంగుల ప్లాస్టిక్ రింగులు వేసి ఆ రంగే కవరు మీద రాశాను, లేకపోతే రిపోర్టు వచ్చాక ఏది ఎవరిదో తెలియదు. రింగు కాలి బొచ్చులో కనపడకుండా బిగుసుకుపోతుంది, వారానికి ఒకసారి వేలితో తడిమి చూడాలి. అర స్టారు తగ్గించింది ఎందుకంటే మినప్ప ఈకల్లో సరైన కొన లేదని మళ్ళీ పంపమన్నారు. మళ్ళీ డబ్బు అడగలేదు కానీ ఆ మాట చెప్పడానికే వారం పట్టింది.

పరీక్ష ఎలా పనిచేస్తుందో రిపోర్టుతో పాటు ఒక పేజీ పెట్టారు, అది చదివి అత్తయ్య గారికి చెప్తుంటే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. మనుషుల్లో ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చేదాన్ని బట్టి ఉంటుంది, కోళ్ళల్లో తల్లిని బట్టి. పుంజుకి జెడ్ క్రోమోజోములు రెండు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. రెండిటి మీదా ఉండే ఒకే జన్యువు ముక్క జెడ్ మీద ఒక పొడవు, డబ్ల్యూ మీద ఇంకో పొడవు. ఆ ముక్కని లక్షల కాపీలు చేసి జెల్ అనే జెల్లీలాంటి పలకలో పరిగెత్తిస్తే, పొడవుని బట్టి విడిపోయి పెట్టకి రెండు గీతలు, పుంజుకి ఒక్క గీత వస్తుంది. రిపోర్టులో నేరేడుకి రెండు గీతలు, బెల్లానికి రెండు గీతలు, జున్నుకీ మినప్పకీ ఒక్కోటి. గడ్డ వెడల్పుగా ఉందని నేను పుంజు అనుకున్న బెల్లం పెట్ట, గడ్డ చిన్నదని పెట్ట అనుకున్న జున్ను పుంజు. అంత దగ్గరగా మూడు నెలలు చూసినదాన్నే నేను రెండూ తప్పు చెప్పాను.

అంటే గ్యారంటీ ఇచ్చిన ఐదు పెట్టల్లో మూడు పుంజులు. ఏమీ చూడకుండా కళ్ళు మూసుకుని ఐదు పిల్లల్ని తీసినా ఇంచుమించు ఇంతే వస్తాయి. మా అదృష్టం కొద్దీ ఐదూ పెట్టలే అయ్యే అవకాశం ముప్పై రెండింట్లో ఒకటి.

రిపోర్టు పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. గట్టిగానే మాట్లాడాను, అయితే యజమాని విన్నాడు, అది ఒప్పుకోవాలి. "పుంజుల్ని తెచ్చేయండి మేడమ్, వేరేవి ఇస్తాం" అన్నాడు. తెచ్చేస్తే వాటిని ఏం చేస్తారు అని అడిగితే సూటిగా జవాబు రాలేదు. నల్లకోడి మాంసం అంటే మనదగ్గర కడక్‌నాథ్ పేరు చెప్పి అమ్మేస్తారు, ఆ పేరు మీద ఎవరు ఏది కొంటున్నారో వాళ్ళకే తెలియదు. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువాది, దానికి ఈకలు మామూలుగా బిగువుగా ఉంటాయి, కాలికి నాలుగే వేళ్ళు, సిల్కీ చైనా నుంచి వచ్చిన వేరే జాతి. నేను ఇవ్వను అన్నాను. చివరికి మూడు పిల్లల మీద అదనంగా తీసుకున్న తొమ్మిది వందలు వెనక్కి ఇచ్చాడు. ఇచ్చినందుకు థాంక్స్. కానీ నేను బయటికి వస్తుంటే ఆ కౌంటర్ దగ్గరి అతనే ఇంకో కుటుంబానికి ఇంకో పిల్లని తిరగేసి చూపిస్తున్నాడు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి నా రిపోర్టు చూపించాను. వాళ్ళు గ్యారంటీ లేకుండా ఆరు వందలవే తీసుకున్నారు, పుంజు వస్తే తమ అనకాపల్లి తోటలో చోటుందట. అలా చోటుంటే అంతకంటే మంచి పద్ధతి లేదు.

చోటు లేనివాళ్ళు, మాలాంటి వాళ్ళు, రెండు పనుల్లో ఒకటి చేయండి. ఆరేడు నెలలు దాటి తేడా ఖాయంగా తెలిసిన పెట్టని కొనండి, ధర రెట్టింపైనా పర్వాలేదు. లేదా రింగు నంబరు ఉన్న డీఎన్ఏ రిపోర్టు అడగండి, ఆ నంబరు మీ చేతిలో ఉన్న కోడి కాలికి ఉందో లేదో అక్కడే చూసుకోండి. పిల్లని తిరగేసి చెప్పే మాటకి మాత్రం ఒక్క రూపాయి అదనంగా ఇవ్వకండి, ఎంత మంచిగా మాట్లాడినా సరే.

జున్నుని, మినప్పని సబ్బవరంలో అత్తయ్య గారి చెల్లెలి ఇంటికి పంపాం, పాప నెలకోసారి వెళ్ళి చూసి వస్తుంది. దూదిపింజ మా దగ్గరే ఉంది. రాత్రి చీకటి పెట్టెలో ఇంట్లో పడుకోబెట్టి, బాబాయి గారు నిద్ర లేచే మధ్యాహ్నం వేళకి బయటికి వదులుతున్నాం, ఆయన కూడా చాలా సహనంగా ఉన్నారు. బెల్లం ఇంకా గుడ్డు పెట్టలేదు. నేరేడు సెప్టెంబరు చివర్లో మొదటి గుడ్డు పెట్టింది, మీగడ రంగు, నాటుకోడి గుడ్డు కంటే చిన్నది, పాప దాన్ని సాయంత్రం దాకా అరచేతిలోంచి దించలేదు. ఈ నెల మొదట్లో నేరేడు గుడ్లు ఆపేసి గంప వదలకుండా కూర్చుంటే, అత్తయ్య గారు చోడవరం నుంచి నాలుగు నాటు గుడ్లు తెప్పించి దాని కింద పెట్టారు. ఇవాళ్టికి పన్నెండో రోజు. రాత్రి టార్చి వెలుగులో చూస్తే మూడింటిలో ఎర్రటి నరాలు అల్లుకుని కనపడ్డాయి, నాలుగోది తీసేశాం.